అక్రిడిటేషన్ల సీజన్ అయిపోయాక యూనియన్‌లో మిగిలేదెవరు?

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పాత్రికేయుల యూనియన్‌లో సభ్యుల్ని చేర్పించడం పెద్ద కష్టమైన పనేం కాదు. కొత్త అక్రిడిటేషన్లకు, అంటే పాత్రికేయులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డులకు, సమాచార, పౌర సంబంధాల శాఖ దరఖాస్తులు పిలిచిందంటే చాలు, సభ్యత్వ రసీదు పుస్తకాలు చకచకా అయిపోతాయి. కుప్పం, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి పాస్‌పోర్ట్ ఫోటోలు, ఆధార్ జిరాక్సులు కట్టలు కట్టలుగా దిగుతాయి. అన్నేళ్లూ యూనియన్ మొహం చూడనివాళ్లు కూడా "అన్నా, నా పేరు రాసుకున్నావా?" అని ఫోన్ చేస్తారు. కార్డు చేతికొచ్చాక ఆ ఫోన్లు ఆగిపోతాయి. మరుసటి ఏడాది రెన్యువల్ కోసం మండల కార్యదర్శే వాళ్ల వెంట పడాలి. సభ్యత్వ సంఖ్య ఏటా ఎక్కడ జారిపోతోందో తెలియాలంటే చేరినవాళ్ల జాబితా కన్నా రెండో ఏడాది డబ్బు కట్టనివాళ్ల జాబితా చూడాలి. దాన్ని పనిగట్టుకుని తీసి చూసే కమిటీలు తక్కువ.

చేరేవాళ్లు ఎందుకు చేరతారన్నది దాపరికమేమీ కాదు. అక్రిడిటేషన్ ఉంటే ఆర్టీసీ బస్సులో రాయితీ వస్తుంది. జర్నలిస్టుల ఆరోగ్య పథకం కార్డు వస్తుంది. ఎప్పుడైనా ఇళ్ల స్థలాల ఊసు వస్తే అర్హుల జాబితాలో పేరుంటుంది. నెలకు ఇంత అని జీతం లేని మనిషికి ఆస్పత్రి కార్డు చిన్న విషయం కాదు, అందుకోసం చేరితే తప్పు పట్టాల్సిన పనీ లేదు. చిక్కు ఇంకోచోట ఉంది. ఇవన్నీ ఇచ్చేది ప్రభుత్వం, ఇప్పించేది యూనియన్. ఇప్పించే శక్తి ఎవరికి ఎక్కువుంటే సభ్యుడు వాళ్ల దగ్గరికి పోతాడు. ప్రభుత్వం మారగానే పలుకుబడి ఒక యూనియన్ నుంచి ఇంకో యూనియన్‌కు మారుతుంది, దాని వెనకే సభ్యత్వమూ మారుతుంది. అక్రిడిటేషన్ కమిటీలో తమకు చోటు దక్కుతుందా లేదా అన్న పంచాయితీకి యూనియన్లు అంత ప్రాణం పెట్టేది అందుకే.

పైగా ఆ ఇప్పించే శక్తి కూడా తరిగిపోతోంది. హైదరాబాద్ మహానగర పరిధిలో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల సొసైటీలకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేసిన భూ కేటాయింపులను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టేసింది. బాగా బతకగలిగిన వర్గాలను విడిగా ఎంచి తక్కువ ధరకు భూమి ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పు హైదరాబాద్ భూముల గురించే అయినా, ఇళ్ల స్థలం ఆశ చూపించి సభ్యత్వం రాయించే ప్రతి జిల్లా కమిటీకీ అది గుబులు పుట్టించేదే.

యూనియన్ పుట్టింది కార్డులు ఇప్పించడానికి కాదని వేరే చెప్పనక్కర్లేదు. 1950లో భారత వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు మన తెలుగువాడే, నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు మానికొండ చలపతిరావు. 1952లో వేసిన మొదటి ప్రెస్ కమిషన్‌లోనూ ఆయన సభ్యుడు. ఆ కమిషన్ నివేదిక వెంబడే 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదని, ఉద్యోగం తీసేయాలంటే సంపాదకుడికి ఆరు నెలలు, మిగతావాళ్లకు మూడు నెలలు ముందే నోటీసు ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. తొలి వేతన మండలి నిర్ణయాన్ని యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు లాగి 1958లో కొట్టేయించాయి. అయినా పోరాటం ఆగలేదు. పాలేకర్, బచావత్, మణిసానా, మజీఠియా అంటూ వేతన సిఫార్సులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆ రోజుల్లో యూనియన్ ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఏరియర్స్ చేతికొస్తే జవాబు అందులోనే ఉండేది.

మజీఠియా దగ్గరికొచ్చేసరికి కథ మారింది. 2011 నవంబరు 11న కేంద్రం సిఫార్సులను నోటిఫై చేసింది. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు వాటిని సమర్థించి, బకాయిలను ఏడాదిలోగా నాలుగు వాయిదాల్లో కట్టమంది. దేశవ్యాప్తంగా చాలా యాజమాన్యాలు ఉద్యోగి కోరుకుంటే పాత జీతంలోనే ఉండిపోవచ్చన్న 20(జె) క్లాజును అడ్డం పెట్టుకుని, "పాత జీతమే మాకు చాలు" అన్న కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాయి. 2017 జూన్ 19న కోర్టు ఆ మెలికనూ విప్పింది. చట్టప్రకారం రావాల్సిన దానికన్నా తక్కువకు ఒప్పుకున్నట్టు రాయించుకుంటే చెల్లదని, కాంట్రాక్టు ఉద్యోగులకూ మజీఠియా వర్తిస్తుందని చెప్పింది. తీర్పు చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని కార్మిక శాఖ మెట్లెక్కాల్సిన ఉద్యోగి మాత్రం భయపడి ఆగిపోయాడు. అడిగితే బదిలీ, ఇంకా గట్టిగా అడిగితే ఇంటికి. ఆ రోజు పక్కన నిలబడ్డ యూనియన్‌ను సభ్యుడు జన్మలో వదలడు. నిలబడకపోతే వదిలేయడానికి అతనికి వేరే కారణం అక్కర్లేదు.

అయితే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో యూనియన్ బలగంలో ఎక్కువమంది మజీఠియా దాకా ఎప్పుడూ రానివాళ్లే. వాళ్లు మండల విలేకర్లు, అంటే కంట్రిబ్యూటర్లు. 1980ల చివరి నుంచి తెలుగు పత్రికలు జిల్లా పేజీలు, జిల్లా టాబ్లాయిడ్లు అంటూ ఊరూరికీ వెళ్లాయి. ఆ పేజీలు నింపింది వీళ్లే. వీళ్లకు వచ్చేది లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి లెక్కగట్టి ఇచ్చే డబ్బు. అది పెట్రోలుకు సరిపోతే గొప్ప. అసలు రాబడి ప్రకటనల కమీషన్. ఉగాదికి, సంక్రాంతికి, ఎమ్మెల్యే పుట్టినరోజుకు, పత్రిక వార్షికోత్సవానికి టార్గెట్ ఉంటుంది. పొద్దున ఏ సర్పంచి మీద వార్త రాశాడో సాయంత్రం అదే సర్పంచి దగ్గర ప్రకటన అడగాలి. ఒప్పుకున్న ప్రకటన డబ్బు రాకపోతే అది ఇతని ఖాతాలోనే పడుతుంది. ఇవ్వాల్సింది పత్రిక, బాకీ పడింది విలేకరి! ఇలాంటి లెక్క ఏ వృత్తిలోనూ చూడం.

ఇతని దగ్గరుండే కాగితాలు చూస్తే పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. నియామక ఉత్తర్వు ఉండదు. ఒక ఐడీ కార్డు ఉంటుంది, దానికో గడువు తేదీ ఉంటుంది. చాలాచోట్ల ఒక ఒప్పందం మీద సంతకం ఉంటుంది. తాను ఉద్యోగి కాదని, వేరే వృత్తి చేసుకుంటూ సరదాకో సేవకో వార్తలు పంపుతున్నానని అందులో రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనక చాలా ఆలోచన ఉంది. పూర్తికాలమైనా పార్ట్‌టైమ్ అయినా సరే, ముఖ్య వృత్తి పాత్రికేయమే అయితే అతను వర్కింగ్ జర్నలిస్టేనని 1955 చట్టం నిర్వచనం. కాబట్టి 'ముఖ్య వృత్తి' వేరే ఉందని అతని చేతే రాయించుకుంటే చట్టం గడప దాటి లోపలికి రానివ్వదు. ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే అది పూర్తిగా అబద్ధమూ కాకపోవచ్చు. లైన్ అకౌంట్‌తో ఇల్లు గడవదు కాబట్టి ఎల్‌ఐసీ ఏజెన్సీయో, జిరాక్స్ షాపో, మామిడి తోటో, ట్యూషన్ సెంటరో నడుపుతూనే ఉంటాడు. జీతం ఇవ్వకపోవడం వల్ల వేరే పని చేసుకోవాల్సి వచ్చింది, ఆ వేరే పనే జీతం ఇవ్వకపోవడానికి సాకైంది.

కార్మిక కోడ్‌ల విషయంలోనూ ఇదే చిక్కు. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినట్టు కేంద్రం ప్రకటించింది. 1955 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. పాత్రికేయుడి నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా కూడా చేరడం మంచి పరిణామమే. వేతన మండళ్ల ఏర్పాటుకు మాత్రం వీటిలో చోటు లేదు. ఇక యాజమాన్యంతో బేరమాడే హక్కు గల యూనియన్ కావాలంటే ఆ సంస్థ మస్టర్ రోల్‌లో, అంటే సిబ్బంది హాజరు పట్టీలో, ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉండాలి. ఏ యూనియన్‌కూ అంత లేకపోతే కనీసం 20 శాతం చొప్పున ఉన్న యూనియన్లతో సంప్రదింపుల మండలి వేస్తారు.

దీన్ని మన జిల్లాలకు అన్వయిస్తే సంగతి తేలిపోతుంది. యూనియన్ సభ్యుల పుస్తకంలో నిండా కంట్రిబ్యూటర్లు ఉంటారు. మస్టర్ రోల్‌లో వాళ్ల పేర్లు ఉండవు. మస్టర్ రోల్‌లో పేరున్న, ఆఫీసులో వార్తలు దిద్ది పేజీలు సిద్ధం చేసే డెస్క్ సబ్ ఎడిటర్లు, స్టాఫ్ రిపోర్టర్లు, ప్రెస్ సిబ్బంది యూనియన్‌లో పెద్దగా కనిపించరు. పైగా మనవాళ్లు సభ్యుల్ని లెక్కపెట్టేది మండలాల వారీగా, చట్టం లెక్కపెట్టేది సంస్థల వారీగా. మహాసభలో ఎంతమంది కూర్చున్నా, ఒక పత్రికలో బేరమాడే బలం సున్నా కావచ్చు. కలెక్టర్‌కు వినతిపత్రం ఇచ్చినంత తేలిగ్గా యాజమాన్యానికి డిమాండ్ నోటీసు ఇవ్వలేకపోవడానికి ధైర్యం లేకపోవడం ఒకటే కారణం కాదు, సభ్యత్వం తీరే అలా ఉంది.

డెస్క్ వాళ్లు ఎందుకు రారన్నది ఎవరైనా ఒక్క రాత్రి ఎడిషన్ ఆఫీసు బయట నిలబడితే తెలిసిపోతుంది. డెస్క్ షిఫ్టు మధ్యాహ్నం మొదలై పేజీలు వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. యూనియన్ సమావేశం ఆదివారం పదకొండు గంటలకు ప్రెస్‌క్లబ్‌లో పెడతారు. అప్పుడే నిద్ర లేచిన మనిషి, మళ్లీ మూడింటికి ఆఫీసులో ఉండాల్సినవాడు, వేదిక మీద సన్మానాలు చూడటానికి రాడు. అక్రిడిటేషన్, బస్ పాస్ గోల అతనికి అంతగా పట్టదు. అతనికి కావాల్సినవి వేరు: రాత్రి ఇంటికి వెళ్లే వాహనం, వారాంతపు సెలవు, పీఎఫ్ ఏ కంపెనీ పేరుతో కడుతున్నారన్న వివరం, తిరుపతి నుంచి ఉన్నట్టుండి శ్రీకాకుళానికి బదిలీ చేస్తే అడిగే దిక్కు. ఈ నాలుగింటిలో ఒక్కదాని మీదైనా తీర్మానం చేసిన జిల్లా కమిటీకి డెస్క్ నుంచి సభ్యులు వస్తారు. సమావేశం పేజీలు వదిలాక టీ కొట్టు దగ్గర పెట్టినా సరే.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది, వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతిలో చదువుకున్న అమ్మాయిలు ఈ వృత్తిలోకి వస్తూనే ఉన్నారు. యూనియన్ కార్యవర్గం గ్రూప్ ఫోటోలో మాత్రం వాళ్లు ఏ చివరనో ఒకరు. లైంగిక వేధింపుల నివారణ చట్టం వచ్చింది 2013లో. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలని అది చెబుతోంది. ఏ ఎడిషన్ ఆఫీసులో ఉంది, ఏ ఛానల్‌లో లేదు అని ఒక జాబితా తయారుచేసి అడగడానికి పైసా ఖర్చు లేదు. ఆ పని చేయకుండా 'మహిళా విభాగం కన్వీనర్' పదవి సృష్టిస్తే ఎవరు వస్తారు?

సభ్యుడు నిలబడేది ఒక కష్టం రోజున. మండలంలో ఇసుక మీదో, చెరువు మట్టి మీదో, ఎర్రచందనం మీదో వార్త రాశాక కేసు పడుతుంది. పత్రిక ఆఫీసుకు ఫోన్ చేస్తే "చూద్దాం" అంటారు. స్టేషన్‌కు తోడు వచ్చేది ఎవరు, బెయిలుకు వకీలును మాట్లాడేది ఎవరు అన్నదాని మీదే ఆ మండలంలో రాబోయే అయిదేళ్ల సభ్యత్వం ఆధారపడి ఉంటుంది. మిగతా పదిమందీ చూస్తుంటారు. ఖండన ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ పదిమందీ గుర్తుపెట్టుకుంటారు. జిల్లాకు ఒక వకీలుతో ముందే మాట్లాడి పెట్టుకుని, ఆ నంబరు సభ్యత్వ కార్డు వెనక అచ్చు వేయించిన యూనియన్‌కు మహాసభ ఫ్లెక్సీల ఖర్చు మిగిలిపోతుంది.

కష్టం రాకముందు చేయగలిగిన పనులూ ఉన్నాయి. చేరిన రోజే ప్రతి కంట్రిబ్యూటర్ చేత ఒక ఫైలు పెట్టించాలి. ఐడీ కార్డు జిరాక్సు, లైన్ అకౌంట్ పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, వార్తల క్లిప్పింగులు, 'ఈ కార్యక్రమం కవర్ చెయ్', 'ఇంత టార్గెట్' అని ఆఫీసు గ్రూపులో వచ్చిన వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు అందులో ఉండాలి. ఎవరి అదుపులో, ఎవరి ఆదేశం మీద పనిచేశాడో చెప్పేది ఆ మెసేజీలే. ఉద్యోగి కాదన్న ఒప్పందానికి ఎదురుగా నిలబెట్టగలిగిన సాక్ష్యం అంతకు మించి ఇంకోటి ఉండదు. తీసేశాక గ్రూపులోంచి కూడా తీసేస్తారు కాబట్టి ఫైలు ముందే తయారై ఉండాలి. వేతనాల కోడ్ కింద బకాయిల కోసం మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాదికోసారి రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ ఫైలు తిరగేసి కొత్త కాగితాలు చేర్పించే కార్యదర్శి ఉంటే, రెన్యువల్ అన్నదానికి డబ్బు కట్టడం కాకుండా వేరే అర్థం వస్తుంది.

రెండో పని రేట్ల పట్టిక. బ్రిటన్‌లో 1907 నుంచి నడుస్తున్న జర్నలిస్టుల యూనియన్‌కు లండన్‌లో ఫ్రీలాన్సర్ల శాఖ ఉంది. ఏ పత్రిక ఏ పనికి ఎంత ఇచ్చిందో సభ్యులు చెబితే, పేరు బయటపెట్టకుండా ఆ శాఖ ఒక పట్టిక నడుపుతుంది. మన దగ్గర పుంగనూరు విలేకరికి లైన్ అకౌంట్ ఎంత పడుతుందో పక్క మండలం వాడికి తెలియదు. ఒకే పత్రికలో కూడా తెలియదు. తెలియనంత కాలం ఎవరికి వాళ్లు తమకే తక్కువ వస్తోందని లోలోపల కుమిలిపోతారు తప్ప కలిసి అడగరు. పేర్లు లేకుండా పత్రికల వారీగా, మండలాల వారీగా అలాంటి పట్టిక ఒకటి తయారైతే అది ఏ మహాసభ తీర్మానం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక డబ్బు విషయం. 2001 సవరణ తర్వాత 1926 చట్టం ప్రకారం యూనియన్ చందా ఏడాదికి కనీసం 12 రూపాయలు ఉండేది. మన యూనియన్లు అంతకన్నా ఎక్కువే తీసుకున్నా, ఒక కేసు నడపడానికి అది చాలదు. చాలదు కాబట్టి మహాసభకు, డైరీకి, క్యాలెండర్‌కు విరాళాలు వసూలు చేస్తారు. ఇచ్చేది నాయకులు, కాంట్రాక్టర్లు, విద్యాసంస్థల వాళ్లు. వాళ్ల మీదే వార్త రాసి కేసులో ఇరుక్కున్న సభ్యుడికి, వాళ్ల డబ్బుతో నడిచే యూనియన్ ఎంత దూరం తోడొస్తుంది? చందా పెంచితే సభ్యులు పోతారని భయపడతారు గానీ, లెక్క చెప్పకపోతేనే పోతారు. సభ్యుల జాబితా, ఖాతా పుస్తకాలు చూసే హక్కు ప్రతి సభ్యుడికీ 1926 చట్టంలోనే ఉండేది. జమా ఖర్చుల పేజీ ఫోటో తీసి నెలకోసారి గ్రూపులో పెడితే సగం గుసగుసలు ఆగిపోతాయి. లైన్ అకౌంట్ మీద బతికేవాడికి, స్టాఫ్ రిపోర్టర్‌కు ఒకే చందా పెట్టడంలో న్యాయం కూడా లేదు.

యూనియన్ల మధ్య చీలికలు, ఎన్నికల ముందు రాత్రికి రాత్రి పెరిగే బోగస్ సభ్యత్వాల గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క మాట. వార్త రాయనివాడికి కార్డిస్తే, రాసేవాడు సిగ్గుపడి తన కార్డు జేబులో దాచుకుంటాడు. అందుకని యూట్యూబ్ ఛానళ్ల వాళ్లందరినీ గేటు బయట ఉంచడమూ సరికాదు. ఫోన్ పట్టుకుని మైకు లోగో పెట్టుకున్న ప్రతివాడూ విలేకరి కాడు. కానీ ఒక ఛానల్ కోసం రోజూ వార్తలు చేసి, దాని మీదే బతికే కుర్రాడు కొత్త నిర్వచనం ప్రకారం పాత్రికేయుడే. అతన్ని వడకట్టాల్సింది ముఖ్య వృత్తి ఏదన్న ప్రశ్నతో. యూనియన్ అతన్ని తీసుకోకపోతే కండువా వేసి తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు.

తిరుపతికి ప్రత్యేకమైన బరువు ఒకటుంది, దర్శనం. రాష్ట్రంలో ఏ మూల విలేకరైనా కొండకు వస్తున్నాడంటే మొదట ఫోన్ చేసేది ఇక్కడి యూనియన్ నాయకుడికే. గది, టికెట్టు, సిఫార్సు లేఖ. బ్రహ్మోత్సవాలప్పుడైతే పాసుల గొడవ వేరే. రాష్ట్ర కార్యవర్గ సమావేశం తిరుపతిలో పెడితే కోరం సమస్య ఉండదన్నది యూనియన్లలో పాత జోకు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, నాయకుడి పొద్దంతా ఈ సేవలోనే గడిచిపోతే వాకాడు, సత్యవేడు విలేకర్ల ఫోన్లు ఎత్తేదెవరు? 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో నెల్లూరు వైపు మండలాలు కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. మదనపల్లె వైపు వాళ్లు అన్నమయ్య జిల్లాకు పోయారు. ఏళ్ల తరబడి చిత్తూరు ప్రెస్‌క్లబ్ ఒక్కటే తెలిసినవాళ్లకు, నెల్లూరు నాయకుల్ని తప్ప ఎరగనివాళ్లకు కొత్త కమిటీ మొహాలు అలవాటు కావడానికే కాలం పడుతుంది. అలాంటిచోట నాయకుడు మండలానికి వెళ్లడం తప్ప దగ్గరదారి లేదు. సభ్యత్వం మానేసినవాళ్లు ఎక్కువున్న మండలాలతో ఆ తిరుగుడు మొదలుపెడితే, ఎందుకు మానేశారో వాళ్లే చెబుతారు. ఆ మాటలు రాసుకుని జిల్లా కమిటీ ముందు చదివితే, వచ్చే రసీదు పుస్తకం ఎక్కడ తెరవాలో తెలుస్తుంది.